బొంత కారు, కుంకుమ భరిణె మూత

ఫ్యాక్టరీలో రిమోటు కార్ల పందెం పెడుతున్నారన్న కబురు నా చెవిన మొదట వేసింది గుజ్జక్క. ఆ రోజుల్లో మా ఇంటికి కబుర్లన్నీ మజ్జిగకు వచ్చే ఆమె చెంబుతోనే వచ్చేవి. పేపరు వస్తే వచ్చేది, లేకుంటే లేదు. ఫోను గాలివాన పేరు చెబితేనే మూగబోయేది. గుజ్జక్క మాత్రం ఏనాడూ వేళ తప్పలేదు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆమెది నేల కడిగే పని. సీజను సాగినన్నాళ్ళూ ఆమె కొంగు నుంచి తోతాపురి వాసన పోయేది కాదు, అందుకే ఆ పేరు. (అసలు పేరు బైబిలులోది, చాలా అందమైనది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలికేది కాదు.) ఆ రోజు చెంబు అరుగు మీద పెట్టి, “పాపా, మా ఓనరు కొడుకు మద్రాసు నుంచి వచ్చినాడు. సీజను అయిపోతానే సావాసగాళ్ళను పిలిపించి మా సిమెంటు నేల మీద బొమ్మ కార్ల పందెం పెడతాడంట. ఎవురైనా రావచ్చునంట. నీకాడ ఒకటి ఉండాది కదా” అన్నది.

ఉండాది అనడం ఆమె దయ. నా దగ్గర ఉన్నది కారు కాదు, ఒక కారు పడిన కష్టాలు.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని నాయన నన్ను ఇంట్లోనే ఉంచి, సాయంత్రం తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, పలక మీద అక్షరాలు దిద్దించాడు. లెక్కలూ ఆయనే చెప్పాడు, అందుకే నా కూడికలూ తీసివేతలూ అన్నీ మామిడికాయల్లోనే ఉండేవి. మిగతా చదువు మామది. మామ అంటే అమ్మ తమ్ముడు, చిత్తూరులో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. పండక్కి అందరి మామలూ గాజులు తెస్తే, మా మామ చెడిపోయిన టేపురికార్డరు తెచ్చేవాడు. “విప్పి సూడు పాపా. మళ్ళా బిగించినాక ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు” అనేవాడు. (మిగిలేవి. వాటిని ఒక సీసాలో వేసి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.) దేవుడు నాకు బడి ఇవ్వలేదు గానీ మామను ఇచ్చాడు. దీపం పెట్టేటప్పుడు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుని దండం పెట్టుకుంటాను.

కారు కూడా మామ ఇచ్చిందే. సింగపూరు నుంచి వచ్చిన ఎవరో పెద్దమనిషి బాగుచేయమని షాపులో ఇచ్చి మళ్ళీ ఆ వైపు రాలేదు. రెండేళ్ళు చూసి మామ దాన్ని నా ఒళ్ళో పెట్టాడు. ఎవరైనా బొమ్మ అంటే నాకు చెప్పలేనంత రోషం వచ్చేది. అది టూరింగ్ కారు. రోడ్డు మీది కారును పదో వంతుకు కుదించినట్టు మూరెడు పొడవుండేది. మోటారు తిరిగితే బెల్టు నాలుగు చక్రాలనూ తిప్పేది. చక్రానికొకటి చొప్పున చిటికెన వేలంత షాకబ్జర్లు, వాటిలో నూనె. ఆ నూనె ఎప్పుడో కారిపోయి ఉంది. నేను కుట్టుమిషను నూనె పోస్తే కారు మేకపిల్లలా ఎగిరింది. ఆముదం పోస్తే బిగుసుకుపోయి, నేల మీద వడ్లగింజ అడ్డమొచ్చినా అదిరిపడింది. చివరికి మూడు చుక్కలు ఆముదం, రెండు చుక్కలు మిషను నూనె కలిపితే బుద్ధిగా నడిచింది. ఆ పాళ్ళు నోటుపుస్తకంలో రాసుకున్నాను. అదే పుస్తకంలో ముందు పేజీల్లో శ్రీరామ నామాలుండేవి. రెండూ ఒకే చేతితో, ఒకే భక్తితో రాసినవి.

పైన తొడిగే ప్లాస్టిక్ డొప్ప నడుం దగ్గర చీలిపోయి ఉంటే, సూది కాల్చి చిల్లులు పొడిచి, నైలాను దారంతో కాడకుట్టు వేశాను. మామ చూసి “బొంత కారు” అన్నాడు. ఆ పేరే ఖాయమయింది. ఇక బ్యాటరీలు ఒక పక్కనే ఉండడంతో కారు ఎడమకు లాగుతుండేది. ముందూ వెనకా దారాలు కట్టి వేలాడదీస్తే, ఎడమ వైపు ఒరిగింది. కుడి వైపు కొంచెం బరువు కావాలి. పలచగా ఉండాలి, పొట్ట కింద అంటించడానికి వీలుగా ఉండాలి. దేవుడి గూటి ముందు నిలబడి ఏం చేయాలో చెప్పు స్వామీ అని వేడుకుంటే, ఎదురుగా అమ్మ కుంకుమ భరిణె కనిపించింది. ఇత్తడిది. దాని మూత సరిగ్గా కావలసినంత బరువు. నేను దాన్ని దేవుడి జవాబనే అనుకున్నాను. అమ్మ నాలుగు రోజులు ఇల్లంతా వెతికి, ఎలుక ఎత్తుకుపోయిందని నిర్ధారణకొచ్చింది. ఇత్తడి తినే ఎలుక గురించి ఊరంతా చెప్పుకున్నారు.

కొత్త బండిని పూజ లేకుండా తిప్పే అలవాటు మా వైపు లేదు. అలిపిరి దగ్గర కొత్త కార్లకు చేసేదంతా చూసినదాన్ని కనుక, బొంత కారుకు గంధం పెట్టి, కర్పూరం వెలిగించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి రిమోటు నొక్కాను. పెద్ద కార్లు నిమ్మకాయల్ని చితక్కొట్టి ముందుకు పోతాయి. నా కారు నిమ్మకాయల మీదికెక్కి, కాసేపు ఆలోచించి, వెల్లకిలా పడింది. అరుగు మీద కాఫీ తాగుతున్న మామకు పొలమారింది. “లారీ అనుకున్నావా పాపా? దీనికి రేగిపండ్లు పెట్టాల” అన్నాడు.

అంతవరకూ అది ఆటే. దాన్ని పరీక్షగా మార్చింది ఆ తర్వాత జరిగిన మాట. మామ షాపులో పని పెరిగింది. “బావా, పాపను నాకాడికి పంపీ. ఈ చేతులు ఇంట్లో ఊరికే ఉండాయి” అని అడిగాడు. నేను తలుపు వెనక నిలబడి, స్వామీ స్వామీ అనుకుంటున్నాను. ఆ షాపులో ఒక బల్ల, ఒక స్టూలు నావి కావాలని రెండేళ్ళుగా మొక్కుకుంటున్నాను మరి. నాయన చాలాసేపు తుండుగుడ్డ దులిపాడు. “బజార్లో కూర్చోని ఆడపిల్ల వైర్లు పెరుకుతాదా అప్పా? ఆ పిల్లకు నిజంగా పని వచ్చో, నువ్వు ముద్దు చేస్తా ఉండావో నాకెట్ట తెలిసేది?” అన్నాడు. మామ ఊరుకోలేదు. “పందెం ఉండాది కదా. వచ్చి సూడు.” నాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని తీర్పు చెప్పాడు. “గెలవనక్కర్లేదు. పది చుట్లు తిరిగి నాలుగు చక్రాల మీద నిలబడితే పంపిస్తా. వెల్లకిలా పడిందా, మళ్ళా ఆ మాట ఎత్తకూడదు.”

నిమ్మకాయల సంగతి ఆయనకూ తెలుసు.

పందేనికి మిగిలిన మూడు వారాలూ మా నట్టింట్లో కారు తిప్పాను. మాది నున్నటి ఎర్ర సిమెంటు నేల. మలుపు తిప్పితే కారు జారుకుంటూ వడ్ల బస్తాల్లోకి పోయేది. అందుకని టైర్లను కిరసనాయిలుతో తుడిచి తుడిచి మెత్తబరిచాను. కారు నేలకు అతుక్కున్నట్టు తిరగసాగింది. ఇంత పట్టున్న టైర్లు జిల్లాలో ఎవరికీ ఉండవని గర్వపడ్డాను. గర్వం తప్పని తెలిసీ పడ్డాను.

పందెం రోజున కాణిపాకం విభూతి పొట్లం కొంగున ముడివేసుకుని, కారును తువ్వాల్లో చుట్టుకుని మామతో వెళ్ళాను. పందెం సాయంత్రం. పొద్దున అందరూ రెండు మూడు చుట్లు వేసి చూసుకుంటున్నారు. ఓనరు కొడుకుదీ, అతని స్నేహితులు ముగ్గురివీ కార్లన్నీ పెట్టెల్లోంచి అప్పుడే తీసినట్టున్నాయి. నా బొంత కారును చూసి అతను మర్యాదగానే, “ఈ కుట్లు ఫ్యాషనా అక్కా?” అని అడిగాడు. “ఆపరేషను” అన్నాడు మామ.

నేను వదిలాను. మొదటి మలుపులోనే కారు టక్కున నేలను పట్టుకుని, లోపలి రెండు చక్రాలూ పైకెత్తి, వెల్లకిలా పడింది. నిలబెట్టి వదిలాను. రెండో మలుపులో పడింది. మూడోసారీ పడింది. షాకబ్జర్లు మార్చి చూశాం, మూత ఒకసారి ఊడదీసి అంటించి చూశాం. ఆముదం పాళ్ళు పెంచాను. అయినా పడింది. నాయన మూడు గంటల బస్సుకు వస్తాడు.

నేను గోడవారన కూర్చుని విఘ్నేశ్వరుణ్ణి తలుచుకుంటుంటే గుజ్జక్క చీపురుతో వచ్చింది. నా చెప్పుల వైపు చూసి, “లెయ్ పాపా, ఆడ కూర్చుంటే చీర అతుక్కుంటాది” అన్నది. లేస్తే నిజంగానే చెప్పులు నేలను వదలనని చప్పుడు చేశాయి.

“సీజనంతా గుజ్జు కారిన నేల ఇది. ఎన్ని నీళ్ళు కొట్టినా తీపి యాడికి పోతాది? తడారేకొద్దీ జిగటే. మేం చెప్పులడుగున పొయ్యి బూడిద పూసుకోని నడుస్తాం, లేకుంటే అడుగేస్తే బోర్లాపడేదే.”

మామా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కారులో తప్పేమీ లేదు. మా ఇంటి నున్నటి నేల కోసం నేను జిగట చేసుకున్న టైర్లు, బెల్లప్పాకం లాంటి నేల మీదికొచ్చాయి. పట్టు ఎక్కువై పడుతోంది. దానికి కావలసింది కాస్త జారుడు, అంతే. బూడిద కావాలి. ఆ క్షణంలో నాకు కొంగుముడి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు లెంపలు కూడా వేసుకున్నాను. దేవుడి విభూతి నేల మీద తిరిగే చక్రానికా?

“కాణిపాకంలో లారీలకు పూయరా ఏం” అన్నాడు మామ.

“లారీకి బొట్టు పెడతారు మామా. నేను టైరు మొత్తం పూయాల.”

గుజ్జక్క నవ్వింది. “మీ దేవుడి బూడిద మూడు చుట్లకొస్తాది. మా టీ పొయ్యి బూడిద గంపెడు ఉండాది. చక్రానికి తేడా తెలీదు పాపా. తెలిసినా మీ సామీ మా ప్రభువూ వాళ్ళల్లో వాళ్ళు చూసుకుంటారులే.” తనే దోసిలినిండా తెచ్చింది. నేను విభూతి చిటికెడు ముందు చక్రాలకు పెట్టి, మిగతాదంతా పొయ్యి బూడిద దట్టించాను. మద్రాసు అబ్బాయిల్లో ఒకడు వచ్చి, “ఏం పౌడరక్కా, ఫారినా?” అన్నాడు. “పొయ్యిది” అన్నది గుజ్జక్క. అతను ఆ కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదన్నట్టు తలూపి వెళ్ళాడు.

సాయంత్రం నాయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చుట్టు ముగిసే గీత దగ్గర నిలబడ్డాడు. పందెం మొదలయింది. నేల బాగా ఆరి జిగట ఇంకా పెరిగింది. రెండో చుట్టులో ఒక మద్రాసు కారు వెల్లకిలా పడింది, నాలుగో చుట్టులో ఇంకోటి. నా బొంత కారు తెల్లని దుమ్ము రేపుకుంటూ, ముసలమ్మ గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు నెమ్మదిగా, నిలకడగా తిరిగింది. తొమ్మిది చుట్లు అయ్యాయి. నేను రిమోటు పట్టుకునే గోవిందనామం చెబుతున్నాను. పదో చుట్టుకు బూడిద రాలిపోయింది. ఆఖరి మలుపులో నేల టైరును పట్టుకుంది. కారు పక్కకు లేచింది, వెల్లకిలా తిరిగింది, పొట్ట కింది ఇత్తడి మూత ఎండలో తళుక్కుమంది, ఆ ఊపుకే ఇంకో పల్టీ కొట్టి నాలుగు చక్రాల మీద నిలబడి, ఏమీ ఎరగనట్టు గీత దాటింది. అయిదింట్లో మూడోది.

“నిలబడింది బావా” అన్నాడు మామ.

“పడింది కదప్పా.”

“పడి లేచింది.”

నాయన వంగి, కారును ఎత్తి, తిప్పి, చాలాసేపు చూశాడు. ఆ బల్ల, ఆ స్టూలు నా కళ్ళ ముందే దూరంగా పోతున్నాయి.

“అమ్మణ్ణీ, ఇది మీయమ్మ భరిణె మూత కదా?”

“అవును నాయనా.”

“ఎలుక?”

“లేదు నాయనా.”

ఆయన కారును నా చేతిలో పెట్టి, మామ వైపు తిరిగాడు. “రేపట్నించి షాపుకు తోడుకోని పో. ఈ పిల్ల ఇంకో నెల ఇంట్లో ఉంటే దేవుడి గూట్లో గంటకు నాలుక ఉండదు, దీపానికి కుంది ఉండదు.”

అలా దొరికింది నాకు ఆ స్టూలు. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు షాపు నాదే. బొంత కారు అద్దాల బీరువాలో ఉంది, మూత దాని పొట్ట కిందే ఉంది. అమ్మ తిరిగి తీసుకోలేదు. భరిణెకు సోడాసీసా మూత పెట్టుకుని అన్నేళ్ళూ గడిపి, ఎవరు అడిగినా “మా ఎలుక చిత్తూర్లో ఉద్యోగం చేస్తాది” అని చెప్పుకునేది. దేవుడే నాకు ఆ మూత చూపించాడని నమ్మిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. నమ్మకం మాత్రం అలాగే ఉంది, కొంచెం సిగ్గుతో.

తర్వాత కొన్నాళ్ళకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. గుజ్జక్క కూతురి ఊరికి వెళ్ళిపోయింది. ఆమె పూర్తిపేరు అడిగి రాసుకోకపోయానే అని ఇప్పుడు బాధ. కనుక చదువుతున్న మీరొక ఉపకారం చేయండి. ఈ వేసవిలో మామిడిరసం ఒలికి, మీ చెప్పు నేలకు అతుక్కుని చప్పుడు చేసినప్పుడు, విసుక్కునే ముందు ఒక్కసారి మా గుజ్జక్కను తలుచుకోండి. మీ దేవుడికి చెప్పినా సరే, ఆమె దేవుడికి చెప్పినా సరే. వాళ్ళల్లో వాళ్ళు చూసుకుంటారు.