అత్తగారు నేర్పిన అతుకు

మా అత్తగారు పోయారు. పోయిన నెలలో ఒక పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గుండెల్లో ఏదో పట్టేసినట్టుందని మంచం మీద కూర్చున్నారు. ఆటో వచ్చేలోపే అయిపోయింది. లారీ పనికో ట్రాక్టరు పనికో మీరెప్పుడైనా విజయవాడ ఆటోనగర్ వచ్చి ఉంటే, చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుని వెల్డింగ్ చేసే పెద్దావిడను చూసే ఉంటారు. ఆవిడే.

శవం ఇంట్లో ఉండగానే ఒక మాట మొదలైంది. "ఆ పొగే ఆవిణ్ణి తినేసింది. ఆ వయసులో ఆడమనిషికి ఆ పనేంటి" అని. ఏడుస్తూ అన్నారు కాబట్టి అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. పొగ మంచిదని నేననను. కానీ గుండెజబ్బు ఆవిడ తల్లికీ ఉండేది, అన్నగారికీ ఉండేది. వాళ్ళిద్దరూ జన్మలో వెల్డింగ్ రాడ్డు పట్టుకున్నవాళ్ళు కారు. ఆ పని ఆవిణ్ణి తినలేదు. ఆ పని చేసే ఆవిడ తిన్నారు, ఇంటిల్లిపాదికీ పెట్టారు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నివాళి అనుకుంటే నివాళి, పోట్లాట అనుకుంటే పోట్లాట.

షెడ్డు అసలు మా మామగారిది. గేట్లు, కిటికీ ఊచలు చేసేవారు, లారీలకూ ట్రాక్టరు ట్రక్కులకూ విరిగినవి అతికేవారు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు చుట్టాలందరూ షెడ్డు అమ్మేయమన్నారు. మా ఆయనకు చిన్నప్పటినుంచీ ఆయాసం, పొగలో నిలబడలేరు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాగా చేరిపోయారు. అత్తగారు ఎవరితోనూ వాదించలేదు. ఒకరోజు మామగారిని ఆటోలో ఎక్కించుకుని షెడ్డుకు తీసుకెళ్ళి, వెలుగు కళ్ళలో పడకుండా ప్లాస్టిక్ కుర్చీలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, రాడ్డు చేత్తో పట్టుకున్నారు.

ఆయన చూడకుండా, చప్పుడు విని నేర్పారు. రాడ్డుకీ ఇనుముకీ మధ్య ఎడం సరిగ్గా ఉంటే చప్పుడు ఒకే తీరుగా, నూనెలో గారెలు వేగుతున్నట్టు వస్తుంది. ఎడం పెరిగితే ఉస్సుమంటుంది. తగ్గితే చప్పుడు ఆగిపోయి రాడ్డు ఇనుముకు అతుక్కుంటుంది. ఆయనకు మాట సరిగా వచ్చేది కాదు. బాగుంటే ఎడమ చేత్తో కుర్చీ మీద కొట్టేవారట, బాగోకపోతే ఊరుకునేవారట. "మీ మామ బాగున్నన్నాళ్ళూ నన్ను ఒక్క మంచిమాట అన్లేదు. పడిపోయినాక కుర్చీ విరిగిందాకా మెచ్చుకున్నాడు" అని నవ్వేవారు అత్తగారు.

ఈ గారెల సంగతి ఎవరి నోటనో విని, ఒక పెద్దమనిషి సన్మానం చేస్తామంటూ షెడ్డుకు వచ్చాడు. "చూశారా, వంటింటి అనుభవం ఎట్లా పనికొచ్చిందో" అన్నాడు. అత్తగారు మొహానికి అడ్డం పెట్టుకునే నల్లద్దం స్క్రీను పక్కన పెట్టి, "కాదండీ. గారె మాడితే కుక్కకేస్తాం. ఇది ఊడితే లారీ కింద మనిషి పోతాడు. రెండూ ఒకటెట్టా అయినాయి" అన్నారు. ఆ శాలువా మళ్ళీ రాలేదు.

మామగారు పోయిన మరుసటి ఏడు నేను కోడలిగా వచ్చాను. వచ్చాక తొలి దసరాకి ఆటోనగర్లో ఆయుధపూజ. షెడ్లన్నీ కడిగి, మెషీన్లకు బంతిపూల దండలు వేసి, గుమ్మడికాయలు కొట్టడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. మా షెడ్ల వరసలో పెద్దాయన ఒకాయన వచ్చి, చాలా మర్యాదగానే, "కొత్త కోడలుంది కదమ్మా, ఆ అమ్మాయి చేత బొట్టు పెట్టించండి. మీరు పక్కనుండండి" అన్నాడు. నేను భయంభయంగా కుంకుమ గిన్నె అందుకోబోయాను. అత్తగారు నా చేతిలోంచి లాక్కున్నారు.

"దానికి మిషను ఆన్ చెయ్యడం కూడా రాదు. ఏడాదంతా దీన్ని ముట్టుకునేది నేను. ఇయ్యాళ ఒక్కరోజే నా చెయ్యి పనికిరాకుండా పోయిద్దా?"

అని, తానే బొట్టు పెట్టి, తానే గుమ్మడికాయ ఎత్తి నేలకేసి కొట్టారు. చెక్కలు ఎగిరి ఆ పెద్దాయన పంచె మీద పడ్డాయి. ఆయన దులుపుకుని ప్రసాదం తీసుకుని వెళ్ళాడు. ఆ పూజ ఆ తర్వాత ఎప్పుడూ ఆవిడే చేశారు.

నేను షెడ్డుకు వెళ్ళింది బిల్లులు రాయడానికి. అక్కడ పనిచేసే మేస్త్రి గేట్ల సీజన్లో చెప్పకుండా ఇంకో చోటికి వెళ్ళిపోయాడు. అత్తగారు నాకేసి చూసి, "అమ్మాయ్, బిల్లులు తర్వాత రాద్దువుగానీ, ఆ పాత చొక్కా ఏసుకుని రా" అన్నారు. ఇష్టమా అని అడగలేదు. అడిగితే వద్దనేదాన్నే.

మొదటి రాడ్డు తగిలీ తగలగానే అతుక్కుపోయింది. నేను లాగుతున్నాను, అది రాదు, మెషీను గుర్రుమంటోంది. పక్క షెడ్డు వాళ్ళు పని ఆపి వచ్చి నిలబడ్డారు. "అమ్మాయిగారికి రాడ్డు వదలబుద్ధి కావట్లేదు" అన్నాడొకడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తగారు లేవలేదు. "నవ్వనియ్యి. వాళ్ళేం కడుపులోంచి రాడ్డు పట్టుకుని పుట్టలా. లాగమాక, మణికట్టు తిప్పు, అదే ఊడొచ్చిద్ది" అన్నారు. తిప్పాను. ఊడొచ్చింది. మళ్ళీ ముట్టించాను, మళ్ళీ అతుక్కుంది. వాళ్ళు నవ్వి నవ్వి విసుగొచ్చి వెళ్ళిపోయారు. నేను మాత్రం విసుక్కోకూడదని అప్పుడే పట్టుబట్టాను.

ఇంకో రోజు తొందరలో ముందు వెలుగు రాజేసి, తర్వాత స్క్రీను అడ్డం పెట్టుకున్నాను. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. తడిగుడ్డ వేసుకుని పడుకుంటే అత్తగారు పక్కన కూర్చుని తిట్టారు. ఆపకుండా తిట్టారు. గుడ్డ వేడెక్కినప్పుడల్లా మాత్రం తిట్టడం ఆపి, తడిపి మళ్ళీ వేశారు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన ముందు కూడా తిట్టారు.

కొన్నాళ్ళకు నా అతుకు చూడముచ్చటగా రావడం మొదలైంది. వరసగా, సన్నగా, జడ అల్లినట్టు. గొప్పగా చూపించాను. అత్తగారు సుత్తి తీసి ఒక్క దెబ్బ వేశారు. రెండు ముక్కలూ విడిపోయి నా కాళ్ళ దగ్గర పడ్డాయి. "పైన ముగ్గేశావు. లోపల కరగలేదు. అందం తర్వాత, ముందు రెండూ ఒకటైనాయా లేదా చూసుకో" అన్నారు. ఆ రోజు నాకు నిజంగానే కోపం వచ్చింది. మధ్యాహ్నం అన్నం తినకుండా కూర్చున్నాను. ఆవిడ నన్ను బతిమాలలేదు. నా క్యారేజీ కూడా తెరిచి పప్పు తినేశారు.

ఆవిడ రాడ్లు ఎక్కడ పెట్టేవారో చెప్పాలి. మన కృష్ణ ఒడ్డు గాలికి రాడ్లు చెమ్మగిల్లుతాయి, చెమ్మ రాడ్డుతో పెట్టిన అతుకు బుడగలు కడుతుంది. అందుకని పాడైపోయిన ఫ్రిజ్ ఒకటి తెచ్చి, లోపల బల్బు వెలిగించి, ఆ వేడిలో రాడ్లు దాచేవారు. ఎండాకాలంలో వచ్చిన డ్రైవర్లు చల్లటి నీళ్ళుంటాయని ఆశగా తలుపు తీసేవారు. వేడిగాలి మొహానికి కొట్టేది. వాళ్ళ మొహాలు చూసి అత్తగారు పడీపడీ నవ్వేవారు. తర్వాత కుండలో నీళ్ళు తనే ముంచి ఇచ్చేవారు.

అన్నీ నేర్పారు కానీ ఒకటి ఇవ్వలేదు. "గేట్లు నీయి, బళ్ళు నాయి" అనేవారు. బరువు మోసే అతుకు, లారీదో ట్రక్కుదో, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. పక్కన కూర్చుని చూడాలి, అంతే. దాని మీద మేం పోట్లాడుకోని నెల లేదు. "మీ మీద నమ్మకంతో మామయ్యగారు కుర్చీలో కూర్చున్నారు కదా, మీకు నా మీద లేదా" అని ఒకసారి అనేశాను. ఆ మాట ఆవిడకు తగిలింది. "ఉంది కాబట్టే తొందరపడట్లా. చేస్తావులే" అన్నారు. చేయించకుండానే పోయారు.

పెద్దకర్మ అయిన మర్నాడు మామగారి తమ్ముడు, మా చిన్న మామయ్యగారు, ఇంటికొచ్చారు. మంచి మనిషే, మా మేలు కోరేవాడే. "అమ్మాయ్, వదిన ఉన్నన్నాళ్ళూ ఏదో నడిచింది. ఇక చాలు. టైర్ల షాపాయన అద్దెకడుగుతున్నాడు. తాళాలియ్యి, రేపు తీసుకొచ్చి చూపిస్తా" అన్నారు.

"ఇవ్వను" అన్నాను.

మా ఆయన నా వైపు చూసి, "తాళాలు తన దగ్గరే ఉంటాయి బాబాయ్" అన్నారు. ఆయన అంతకంటే మాట్లాడే మనిషి కాదు.

"సరేనమ్మా, గేట్లు చేసుకుంటావు. షెడ్లో ఉన్న ఆ మైలవరం రైతు ట్రక్కు సంగతేంటి? అది అతకగలవా? దారిలో ఊడితే ఎవరు దిక్కు?" అన్నారు చిన్న మామయ్యగారు. "నేను రేపెట్టాగూ వస్తా. చేతకాకపోతే అప్పుడే చెప్పు, సిగ్గుపడమాక."

ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే చోట, ముందువైపు ఫ్రేము పగిలి, ఆ రైతు దాన్ని అత్తగారికి అప్పగించి వెళ్ళాడు. పోయే ముందు రోజు ఆవిడ ఆ పగులు మొత్తాన్ని ఇనుము అరగదీసే గ్రైండరుతో తవ్వి గాడి చేశారు. పగులు ఇంకా పాకకుండా దాని చివర చిన్న బెజ్జం వేశారు. మిగిలింది ఆ గాడి నింపడమే. నేనెప్పుడూ ఒంటరిగా చెయ్యనిది అదే. భయం వేసింది. నేను తప్పు చేస్తే షెడ్డు పోవడం కాదు, మనిషి పోతాడు. కానీ దాన్ని ఇంకొకరి షెడ్డుకు తోలేస్తే, ఆవిడ నేర్పిందంతా గేట్లకే పనికొచ్చిందని నేనే ఒప్పుకున్నట్టు. అది మాత్రం నా వల్ల కాదు.

పొద్దున్నే షట్టరు ఎత్తాను. ఖాకీ చొక్కా ఆవిడది వేసుకోలేదు, నాది నేను వేసుకున్నాను. వరసలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ భయపెట్టింది. గాడి అడుగున మొదటి వరస వేసేటప్పుడు మెల్లగా, రెండు అంచులూ కరిగి కలవడం కళ్ళారా చూస్తూ వేశాను. పైన కట్టిన నల్లటి పెచ్చు కొట్టి, బ్రష్షుతో తోమి, మళ్ళీ వరస. మధ్యలో ఒక చోట బుడగ కనిపించింది. వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. గ్రైండరు తీసుకుని అక్కడిదాకా మొత్తం తవ్వి మళ్ళీ వేశాను. గాడి నిండాక రెండువైపులా ఇనుప పట్టీలు వేసి అతికాను. నీళ్ళు పోయకుండా దానంతటదే చల్లారనిచ్చాను. చల్లారాక పెద్ద సుత్తి తీసుకుని చేతులు పడిపోయేదాకా కొట్టాను. కదల్లేదు.

మధ్యాహ్నం మైలవరం రైతు ట్రాక్టరుతో వచ్చాడు. ట్రక్కు తగిలించి, పక్క వీధికి తోలుకెళ్ళి, ఊరికి తీసుకెళ్ళాల్సిన సిమెంటు బస్తాలు ఎక్కించుకుని మళ్ళీ షెడ్డు ముందుకు తెచ్చి ఆపాడు. దిగి అతుకు కేసి చాలాసేపు చూశాడు. తడిమాడు.

"ఏమనుకోమాకమ్మా. పెద్దమ్మగారైతే నేను అడిగేవాణ్ణి కాదు. మా ఊరి కూలోళ్ళు ఎక్కే బండి ఇది. ఆడోళ్ళు, పిల్లలు. నువ్వు గట్టిగా చెప్తావా?" అన్నాడు.

ముందు ఒళ్ళు మండింది. తర్వాత, అడగాల్సిన మాటే అడిగాడనిపించింది. నోటితో చెప్పే జవాబు ఏదీ సరిపోదు. చక్రం మీద కాలుపెట్టి ట్రక్కు ఎక్కి, బస్తాల మీద కూర్చున్నాను.

"తోలండి. బందరు రోడ్డు మలుపుదాకా వెళ్ళి రండి. గోతులు తప్పించమాకండి" అన్నాను.

రైతు ట్రాక్టరెక్కాడు. బండి కదిలింది. ఆటోనగర్ రోడ్డు మీకు తెలుసు కదా, లారీలు తిరిగి తిరిగి ఎక్కడి గొయ్యి అక్కడే. మొదటి గోతిలో దిగినప్పుడు ఫ్రేము కిర్రుమంది, నా పళ్ళు టకటకలాడాయి. స్పీడు బ్రేకరు మీద ఎగిరి బస్తాల మీద పడ్డాను. షెడ్ల లోంచి జనం బయటికొచ్చి చూస్తున్నారు. మలుపు తిరిగాం, వెనక్కొస్తున్నాం. అతుకు పట్టుకునే ఉంది.

మా షెడ్డు కనిపించేసరికి దాని ముందు చిన్న మామయ్యగారు నిలబడి ఉన్నారు. పక్కన టైర్ల షాపాయన. ఇద్దరూ తలలెత్తి, బస్తాల మీద సిమెంటు దుమ్ముతో ఊగుతున్న నన్ను చూస్తున్నారు. రైతు ట్రాక్టరు నెమ్మది చేసి, "చాలమ్మా, నమ్మాను, దిగు" అని కేకేశాడు.

అత్తగారే ఉంటే ఈపాటికి కొంగు బిగించి రోడ్డు మధ్యకొచ్చి, దిగవే పిచ్చిదానా, అని నలుగురిలో తిట్టేవారు. ఎవరూ తిట్టలేదు. కర్మకాండ జరిగినన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. మొహం తుడుచుకోలేదు. ఫ్రేము మీద కాలు మోపి, చిన్న మామయ్యగారికీ టైర్ల షాపాయనకీ వినపడేట్టు, ఆపకుండా ఇంకా గట్టిగా తోలమని అరిచాను.