కట్ చెయ్యని ప్రార్థనలు

మా చిన్నమావయ్య పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను టెక్కలిలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. పలాసలో డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చి, మంచం మీద వాలినవాడు మళ్లీ లేవలేదట. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో ఇలాంటి కబురు ఎవరికీ కొత్త కాదు.

కాశీబుగ్గలో ఆయనది చిన్న వీడియో దుకాణం. చుట్టుపక్కల జీడితోటల ఊళ్లలో పెళ్లంటే కెమెరాతో మావయ్య ఉండాల్సిందే. మేం బాప్టిస్టులం, ఆయనకి మాత్రం హిందువుల పెళ్లిళ్లంటే సరదా. ముహూర్తం ఏ తెల్లవారుజామునో ఉంటుంది కాబట్టి, కునికిపాట్లు పడే ముసలమ్మల్నీ, పనసకాయ కోసే వంటవాళ్లనీ, అలిగి మూల కూర్చున్న బావగార్నీ తీరిగ్గా తీసేవాడు. మా చర్చి పెళ్లి అలా కాదు. పాట, వాక్యం, ప్రమాణాలు, సంతకాలు, అంతే. “ఆల పెళ్లి పాసింజరు బండి, మనది ఎక్స్‌ప్రెస్సు. ఎక్కీలోపే కదిలిపోద్ది” అని నవ్వేవాడు.

ఆ ఎక్స్‌ప్రెస్సూ ఒకచోట ఆగేది. పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అనగానే మావయ్య కెమెరా భుజం మీంచి దించి, తల వంచి కళ్లు మూసుకునేవాడు. కెమెరా ఆపాలన్న ధ్యాసే ఉండేది కాదు. ఆయన తీసిన ఏ చర్చి పెళ్లి చూసినా అంతే, ప్రార్థన రాగానే పెళ్లికూతురూ పెళ్లికొడుకూ మాయం. తివాచీ, దాని మీద చెప్పుల్లేని ఆయన పాదాలు.

మీకు నవ్వొస్తుందేమో. నా పెళ్లి వీడియో చూసి మా అమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది. ఆ ముక్క కట్ చెయ్యడానికి నీకేం రోగమని తమ్ముణ్ణి దులిపేసింది.

“పార్థనకి కటింగేటక్కా?” అన్నాడాయన. “దేవుడు సూత్తన్నాడు గదా.”

ఉద్దానంలో ఎన్నో ఇళ్లవాళ్లు పోయినవాళ్లని కదులుతుండగా చూసుకునేది మావయ్య తీసిన వీడియోల్లోనే. మా నాన్న ఎక్కడైనా ఉన్నాడా మావా అని వచ్చేవారు. ఆయన ఓపిగ్గా వెతికి, అన్నం వడ్డిస్తూనో తమలపాకు నములుతూనో ఉన్న మనిషిని పట్టి ఇచ్చేవాడు. సమాధి చేసి వచ్చాక అత్త కూడా అదే అడిగింది, ఆయన కదిలినట్టు ఒక్కసారి చూపించమని. ఎక్కడని చూపించను? ఆయన పెళ్లికి వీడియో తీసినవాళ్లు లేరు. ఎవరైనా వీడియో తియ్యబోయి ఫోను ఎత్తితే మొహం తిప్పుకునేవాడు.

ఉన్నవి పాదాలే. దుకాణంలో కూర్చుని ఒక్కో పెళ్లీ పెట్టాం. మొదట్లో ఎముకలు కనిపించే సన్నటి పాదాలు. తర్వాతి పెళ్లిళ్లలో వేళ్లు ఉబ్బాయి. ఆ తర్వాత చీలమండ కనపడనే లేదు. డాక్టరు కిడ్నీలని చెప్పింది అదంతా అయ్యాక. అప్పట్లో ఇళ్లలో ఆ ముక్క వస్తే అందరం రిమోట్ నొక్కి ముందుకి పోయేవాళ్లం. దేవుడు చూస్తున్నాడన్నాడు. చూసి ఏం చేశాడో నాకు తెలియదు. ఇప్పుడు అడగాలని కూడా లేదు.

అత్త నా పెళ్లే మళ్లీ పెట్టమంది. అందులో ఇంకా సన్నటి పాదాలే. ప్రార్థన సాగుతోంది. ఆమేన్ అనగానే కెమెరా పైకి లేస్తుంది, ఆయన పోతాడు. అత్తకది తెలుసు.

“ఆమేన్ అననీకే అమ్మా. ముందే ఆపీ.”

ఆపాను. అత్త టీవీ ముందు నేల మీద కూర్చుని, ఆ పాదాల దగ్గర తెర మీదున్న దుమ్మంతా చీర చెంగుతో నెమ్మదిగా తుడిచింది.