గాలి లెక్క

మా సంస్థకు మొదట్లో వచ్చినవాళ్లంతా జాతకాలు చూపించుకోవడానికే వచ్చారు. నంద్యాల రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఒక పాత మిద్దె అద్దెకు తీసుకుని, ‘అనువర్తిత గణిత పరిశోధన సంస్థ’ అని బోర్డు రాయించారు మా సారు. దాని కింద చిన్న అక్షరాలతో ‘లాభాపేక్ష లేనిది’ అని కూడా రాయించారు. గణితం అన్న మాట చూసి కూతురికి ముహూర్తం పెట్టమని ఒకరు, తప్పిపోయిన ఎద్దు ఏ దిక్కున పోయిందో చెప్పమని ఒకరు వచ్చేవాళ్లు. సారు ఎవరినీ విసుక్కునేవారు కాదు. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మేం చేసే లెక్కలు అవి కావని నెమ్మదిగా చెప్పి పంపేవారు.

ఇది డెబ్బైల మధ్యలో మాట. సారు నాకు కాలేజీలో గణితం చెప్పినవారు. రిటైరయ్యాక ఊరుకోలేకపోయారు. “మన కాలవ, మన వాన, మన నేల. వీటి లెక్క మనం కట్టకపోతే ఎవరు కడతారమ్మా?” అనేవారు. నేను అప్పటికి అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా నాయన మిషన్ స్కూల్లో టీచరు. ఆదివారం చర్చికి పోవడం తప్పిస్తే, తీరిక ఉన్నప్పుడల్లా ఆ మిద్దెలోనే ఉండేదాన్ని. సంస్థ అంటే సారు, నేను, ఒక నల్లబల్ల, రెండు బీరువాలు. అంతే.

ఒక ఎండాకాలం ఉదయం ఆళ్లగడ్డ అవతలి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. నడివయసు మనిషి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

“సారూ, ఈడ లెక్కలు సూస్తారంట గదా. మా బాయి ఊపిరి తీస్తాండాది.”

సారు కళ్లజోడు సర్దుకున్నారు. “ఊపిరి తీసేదేందప్పా?”

“పొద్దన లోపలికి పీల్చుకుంటాది. మద్యానం బయటికి ఇడుస్తాది. తాగి చెప్తాండాననుకోబాకండి. నీళ్ల కోసం తవ్విస్తాంటే అడుగున బొక్క పడింది. కూలోళ్లు గడ్డపార్లు ఆడ్నే పారేసి పోయినారు. ఎంత పిల్సినా ఎవురూ దిగరు.”

సారు నావైపు చూశారు. ఆ ముఖంలో అంత సంతోషం అంతకుముందు నేను చూడలేదు.

ఆ వారమే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాం. బస్టాండు దాటాక రోడ్డు పక్కన శిల్పులు చెక్కుతున్న విగ్రహాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటికి ఇంకా కళ్లు చెక్కలేదు. రైతు బండి తెచ్చాడు. పల్లెకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

బావి ఊరికి కాస్త దూరంలో, నాపరాతి నేలలో ఉంది. రాతిలోనే కొట్టిన మెట్లు. రైతు పైనే ఆగిపోయాడు. సారు వెనక నేను దిగాను. అడుగున చుక్క నీరు లేదు. అడుగును ఆనుకుని పక్క గోడలో కడవ మూతంత రంధ్రం, దానిలోంచి చల్లటి గాలి. పైన ఆకు కదలడం లేదు, ఇక్కడ నా పైట కొంగు ఎగురుతోంది. ఆ గాలి ఒక్క తీరున రావడం లేదు. నిద్రపోతున్న మనిషి ఊపిరిలా కాస్త పెరుగుతుంది, కాస్త తగ్గుతుంది. దానికి ఒక వాసన ఉంది. మట్టి వాసన కాదు, గబ్బిలాల వాసన కాదు. పాత జొన్నల వాసన. మూతపెట్టిన గాదెను చాలా కాలానికి తెరిస్తే వచ్చేలాంటిది. రాతి లోపల జొన్నలెక్కడివి? ‘ప్రభువా’ అని గొణుక్కున్నాను. సారు వినిపించుకోనట్టే ఉండిపోయారు.

పైకి వచ్చాక ఆయన రైతుకు విడమరిచి చెప్పారు. “నీ పొలం కింద పెద్ద గుల్ల ఉందప్పా. సున్నపురాయిని నీళ్లు తినేసి గదులు గదులుగా చేసినాయి. మన నెత్తిమీది గాలి బరువు రోజూ కొంచెం పెరుగుతుంది, కొంచెం తగ్గుతుంది. బరువు పెరిగితే గాలి లోపలికి పోతుంది. తగ్గితే బయటికి వస్తుంది. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు.”

“అట్లయితే మా ఊరు గూడా దాని మిందనే ఉండాదా?”

“అదే లెక్క కట్టాలి,” అన్నారు సారు.

అలా మా సంస్థకు అసలైన పని దొరికింది. కాలేజీ ఫిజిక్స్ ల్యాబు నుంచి గాలి బరువు కొలిచే సాధనం అరువు తెచ్చాం. నంద్యాల సైకిల్ షాపతను పల్చటి అల్యూమినియం రేకుతో ఒక రెక్క చేసిచ్చాడు. రంధ్రం ముందు ఆ రెక్క గాలికి ఊగితే, దానికి కట్టిన కలం, గడియారంలా తిరిగే డబ్బాకు చుట్టిన కాగితం మీద గీత గీసేది. శనివారం శనివారం నేను పోయి కాగితం మార్చి తెచ్చేదాన్ని. సారు గోడంతా ఆ కాగితాలు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వానలు పడి వెలిసేలోగా సమీకరణం కుదిరింది. గాలి బరువు చెబితే చాలు, బావి ఎంత ఊపిరి తీస్తుందో కాగితం మీద ముందే చెప్పగలిగాం.

మధ్యాహ్నం వేళ ఒక్కటి తప్ప.

రోజూ మధ్యాహ్నం, గాలి బాగా బయటికి రావలసిన వేళ, గీత ఉన్నట్టుండి పడిపోయేది. ఎవరో గొంతు నొక్కినట్టు. కాసేపు అలాగే ఉండి, మళ్లీ ఒక్కసారిగా లేచేది. కలం మార్చాం, రెక్క మార్చాం. డబ్బా మార్చి చూశాం. గీత పడుతూనే ఉంది. వాన బాగా కురిసిన రోజున మాత్రం పడలేదు.

“ఈ గుల్లకు ఇంకో నోరుందమ్మా,” అన్నారు సారు చివరికి. “దాన్ని ఎవరో తెరుస్తున్నారు. మళ్లీ మూస్తున్నారు.”

పట్టపగలు, వీధిలో జట్కాలు పోతున్నాయి. అయినా నా వీపు మీద చెమట చల్లబడింది. నేల కింద ఎవరో తలుపు తీస్తున్నారన్న మాట ఆయన ఎంతో మామూలుగా అన్నారు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఆ పల్లెలో ఇల్లిల్లూ తిరిగాను. ఎండకు తలుపులన్నీ మూసి ఉన్నాయి. కుక్కలు కూడా లేవలేదు. ఆఖరికి దాహమై ఆ రైతు ఇంటికే పోయాను. ముందు ఎవరూ లేరు. దొడ్లోకి తొంగి చూశాను.

రైతు తల్లి అక్కడ నేల మీద కూర్చుని ఉంది. ఆమెను అంతకుముందు రెండు మూడు సార్లు చూశాను, మాట్లాడలేదు. ఆమె ముందు నేలలో గుండ్రటి రంధ్రం, పక్కకు జరిపిన నాపరాతి మూత, చిన్న గడ్డపార. ఎక్కడా గాలి లేదు. ఆమె తెల్లటి జుట్టు మాత్రం నేలలోంచి వచ్చే గాలికి పైకి లేచి ఆడుతోంది.

ఆ వాసనే. పాత జొన్నలు.

“రా పాపా, కూచో. సల్లగుంటాది,” అంది ఆమె నన్ను చూసి. ఏమీ తొట్రుపడలేదు.

అది పాతర. వెనకటి కాలంలో జొన్నలు దాచుకోవడానికి నేలలో తవ్వుకునేవాళ్లు. నోరు చిన్నది, లోపల గదంత. ఆ పాతర అడుగు ఎప్పుడో చీలి కింది గుల్లలో కలిసిందన్నమాట. నాకు ఒక్క క్షణం గొప్ప ఊరట కలిగింది. లెక్క తేలింది కదా అని.

“ఎందుకు తెరిచినారవ్వా? జొన్నలున్నాయా ఇంకా?”

“జొన్నలేడివి. ఆయప్పకు గాలాడద్దా?”

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. కరువు ఏడు, కొడుకు ఇంకా చంకలో పిల్లవాడు. అడుగున మిగిలిన జొన్నలు తీయడానికి ఆమె భర్త పాతరలోకి దిగాడు. చాలా కాలం మూసి ఉన్న పాతరలో చెడు గాలి నిండి ఉంటుంది. దిగినవాడు ఒక్కసారి ఆమె పేరు పిలిచాడు. అంతే.

“పైకి తీసినారు గదవ్వా? దహనం చేసినారు గదా?”

“చేసినారు. పైకి తీసింది కట్టెనే గద పాపా. ఊపిరి ఆడ్నే నిలిచిపాయ.” ఆమె రంధ్రం మీదికి వంగి అరచేయి పెట్టింది. “ఇదో సూడు. ఇడుస్తాండాడు.”

నేనూ చేయి పెట్టాను. ఎందుకు పెట్టానో చెప్పలేను. గాలి వేళ్ల మధ్య నుంచి వచ్చింది. పెరిగింది, తగ్గింది.

నంద్యాలకు వచ్చి సారుకు చెప్పాను. ఆయన గోడ మీది కాగితాల వైపు తిరిగారు. తర్వాత, కొన్నాళ్లు ఆ మూత తీయవద్దని ఆమెను అడగమన్నారు. అప్పుడు సమీకరణం నిజమో కాదో తేలిపోతుంది. మద్రాసు నుంచి నిధులిచ్చే పెద్దలు మా పని చూడటానికి రాబోతున్నారు. వాళ్లకు నచ్చితే సంస్థ నిలబడుతుంది, లేకపోతే ఆ మిద్దె కూడా ఖాళీ చెయ్యాలి. నేను పోయి అడిగాను.

“మూస్తే సచ్చిపోడా?” అంది ఆమె.

చనిపోయి ఎంతో కాలమైంది అవ్వా అనబోయి ఊరుకున్నాను. సారు కూడా మళ్లీ అడగమనలేదు. ఆమెను కూడా సమీకరణంలో చేర్చారు. తెరిచి ఉంటే ఒక విలువ, మూసి ఉంటే సున్నా. అది చేర్చగానే గీత, లెక్క ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. మద్రాసు పెద్దలు సమీకరణంలో ఆ విలువ మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, సారు “ఒక తలుపు” అన్నారు. వాళ్లు తృప్తిపడ్డారు. ఊరి కింద గుల్ల ఎంత మేర ఉందో కూడా ఆ లెక్కతోనే తేలింది. బడి కట్టబోయిన చోటు సరిగ్గా దాని మీద ఉందని సారు చెబితే, ఊరివాళ్లు గొణుక్కుంటూనే ఇంకోచోట కట్టుకున్నారు. సంస్థకు పేరొచ్చింది. కాలవ నీళ్ల లెక్కలు, పత్తి ధరల లెక్కలు వచ్చాయి. కొత్తగా చదువుకున్నవాళ్లు చేరారు. ఎనభైలు మొదలయ్యేసరికి గోస్పాడు రోడ్డులో ఒక దాత స్థలమిస్తే సొంత కట్టడానికి పునాది వేశాం.

ఆ ఏడే రైతు తల్లి పోయింది. మనవలు ఆడుకునే చోటని, కర్మలు ముగియగానే రైతు పాతర మూత చుట్టూ సిమెంటు పూయించాడు. మాకు మేలే అనుకున్నాను. ఇక గీత పడదు.

శనివారం కాగితం తెచ్చి బల్ల మీద పరిచాను. మధ్యాహ్నం గీత పడి ఉంది.

సారు ఆ చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టారు. మరుసటి వారం ఇద్దరం కలిసి వెళ్లాం. సిమెంటు ఎక్కడా చెక్కు చెదరలేదు. దాని మీదే దూడను కట్టేశారు. సారు బావిలోకి దిగి కలం దగ్గర కూర్చున్నారు. నేను దొడ్లో మూత పక్కన కూర్చున్నాను. ఇద్దరి గడియారాలూ కలుపుకున్నాం. దొడ్లో ఎవరూ లేరు. దూడ నెమరు వేస్తోంది. ఉన్నట్టుండి నమలడం ఆపి, నా వెనకకు చూసింది. నేను గడియారం చూసుకుని వెనక్కి తిరిగాను. మట్టిగోడ, దాని మీద ఎండ. మూత మీద చేయి పెట్టాను. రాయి వేడిగా ఉంది, అంతే. కాసేపటికి దూడ మళ్లీ నమలసాగింది. నేను మళ్లీ గడియారం చూసి రెండు వేళలూ గుర్తుపెట్టుకున్నాను.

బావి నుంచి వచ్చిన సారు ముఖం పాలిపోయి ఉంది. గీత పడిన వేళ చెప్పారు, లేచిన వేళ చెప్పారు. దూడ ఆగిన వేళ, మొదలుపెట్టిన వేళ అవే. నేను ఆయనకు ఆ సంగతి బస్సులో చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, “మూడో నోరు ఏదో ఉంటుందమ్మా. వెతుకుదాం,” అన్నారు.

వెతికాం. కొత్తగా చేరినవాళ్లు ఊదుబత్తులు వెలిగించి ఊరి చుట్టూ ఉన్న ప్రతి బీటకూ, ప్రతి పుట్టకూ పట్టి చూశారు. ఎక్కడా పొగ కదల్లేదు. ఆ ఏడు వానలు గట్టిగా కురిసి బావి అడుగు నీళ్లతో నిండింది. రంధ్రం మునిగిపోయింది. ఊపిరి ఆగింది. రైతుకు కావలసిన నీళ్లు రైతుకు వచ్చాయి. ఆ బావి లెక్క మీద మేం రాసిన మొదటి వ్యాసం అచ్చయింది. రెండోది రాద్దామని ఎవరమూ అనలేదు. అంతుబట్టని మూడో నోరు ఉండే ఉంటుందని నేను ఇప్పటికీ అనుకుంటాను. అనుకోవడానికి మించి నా దగ్గర ఏమీ లేదు.

కొత్త కట్టడంలోకి మారిన కొన్నాళ్లకు రైతు వచ్చాడు. అంత పెద్ద హాలు చూసి చెప్పులు బయటే విడిచాడు. దూడ సంగతి, సిమెంటు తర్వాతి గీత సంగతి మేం అతనికి చెప్పలేదు. ఊదుబత్తులతో తిరిగిన మా కుర్రవాళ్లెవరో ఊళ్లో చెప్పినట్టున్నారు.

“మేడమ్మా,” అన్నాడు. “నేను చంకలో పిల్లోన్ని. మా నాయన మొకం ఎరగను. ఒక ఫోటో గూడ ల్యా. మా యమ్మ పొయినాంక గీసింది ఒగ కాయితం ఉండాదంట గదా.”

సారు తనే లేచి బీరువాలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పరిచారు. రైతు వంగి గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

“దీంట్లో యాడుండాడు?”

సారు నావైపు చూశారు. నేను గీత పడిన చోట వేలు పెట్టి చూపించాను. రైతు తన వేలు అక్కడ ఆనించి, ఆ పల్లం వెంబడి మెల్లగా జరిపాడు, అది లేచే దాకా. తర్వాత ఆ కాగితం తనకు ఇమ్మని అడిగాడు. సంస్థలో దానికి నకలు లేదు. సారు చుట్టి ఇచ్చేశారు. అతను దాన్ని తువ్వాల్లో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఆళ్లగడ్డ బస్సుకు వేళైందని వెళ్లిపోయాడు.