నీడన ఆరిన ఎరుపు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, మే నెల మొదటి వారంలో, మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే రోడ్డు మీద కొత్తగా పెట్టిన రంగుల యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ మేనేజర్‌గా చేరాను. అంతకుముందు అది పలకల షెడ్డు. మేం తీసేది తినే రంగు. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి మిఠాయిల్లో, ఐస్‌క్రీముల్లో వేసే గులాబీ రంగు తీస్తాం. సముద్రమే లేని ఊళ్లో నాచు ఫ్యాక్టరీ ఏంది అని బస్సులో ఒక పెద్దాయన అడిగాడు. షెడ్డు మా ఎండీ గారిది కాబట్టి అని నిజమే చెప్పాను.

పని వినడానికి తేలిక. ఎండు నాచులో ఇసుక, గవ్వలు ఏరి, ఒక్కసారి చల్లటి నీళ్లలో ముంచి తీయాలి. ఎక్కువసేపు నానితే రంగు నీళ్లపాలే. దాన్ని మళ్లీ ఆరనిచ్చి పొడి చేసి, బఫర్ అనే ఉప్పు ద్రావణంలో కలిపి, గడ్డకట్టించి కరిగిస్తాం. రెండు మూడుసార్లు అట్లా చేస్తే కణాలు పగిలి ఎరుపు బయటికొస్తుంది. ఆ రంగు ఒక రకం ప్రొటీన్; వడకట్టాక అమ్మోనియం సల్ఫేట్ అనే ఉప్పు వేసి దాన్ని అడుక్కి దింపుతాం. పల్చటి పొర సంచుల్లో పోసి నీళ్లలో వేలాడదీస్తే అందులోని ఉప్పు వదిలిపోతుంది. చివరికి రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో ఎరుపు రీడింగును మొత్తం ప్రొటీన్ రీడింగుతో భాగిస్తే వచ్చేదే శుద్ధత. కొనేవాళ్లు 0.7కి తగ్గకూడదన్నారు. మాకు 0.3 దగ్గరే ఆగిపోయింది. చూడ్డానికి కూడా అది ఇటుక కడిగిన నీళ్లలా ఉంది.

రెండు శాంపిళ్లు తిరిగొచ్చాయి. మూడోదీ తిరిగొస్తే ఆర్డరు పోతుందని, కారణం రాసివ్వమని ఎండీ గారు అడిగారు. బఫర్ మార్చి చూశాను, ఫ్రీజర్ చూశాను. నా ల్యాబ్‌లో తప్పు దొరకలేదు. ల్యాబ్‌లో లేకపోతే బయటే ఉండాలి కదా. కడిగే సెక్షన్ ఆడవాళ్లు నాచును ఎక్కువసేపు నానబెట్టడమే కారణమని నోట్ రాశాను. ఆ సెక్షన్‌లో ఆరుగురు, అందరూ చుట్టుపక్కల నుంచి వచ్చే కూలి మనుషులే. వచ్చే సోమవారం నుంచి వాళ్లు పనిలోకి రానక్కర్లేదని ఎండీ గారు నా నోట్ మీదే రాసి సంతకం పెట్టారు.

ఆ ఆరుగురికి పెద్ద మరియమ్మ. పుట్టిల్లు వెలిగండ్ల. పొలం పనులు చేసి చేసి వచ్చిన మనిషి, ఆదివారం ప్రార్థనకు తప్ప సెలవు అడగదు. మేడమ్ అనమని సూపర్‌వైజర్ ఎన్నిసార్లు చెప్పినా నన్ను అక్కా అనే పిలిచేది. మంగళవారం మధ్యాహ్నం ల్యాబ్ గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడింది. బతిమాలడానికి వచ్చిందనుకుని, నేను చేయగలిగింది ఏమీ లేదని ముందే చెప్పేశాను. ఆమె బతిమాలలేదు.

“అక్కా, మీ ఇంట్లో మునగాకు పొడికి ఆకు ఎండలో పోస్తారా, నీడన పోస్తారా?”

నీడనే అన్నాను. ఎండలో పోస్తే ఆకు రంగు పోతుందని కూడా నేనే చెప్పాను.

“మరి ఈ నాచును మిద్దె మీద ఎండలో పోయమని మీరే చెప్పినారు గదా. సంచిలో నుంచి తీసినప్పుడు ఎర్రగానే ఉన్నది. మూడు దినాలకు ఎండుగడ్డి మాదిరి అయిపోయినాది. మేం కడిగింది ఆ గడ్డినే.”

మొదటి లారీకి దారిలో వాన తగిలి సంచులు చెమ్మగా వచ్చాయి. నేను హనుమంతునిపాడులో మెట్ట సేద్యం చేసే ఇంటి పిల్లను. కందులైనా మిరపకాయలైనా చెమ్మకు ఎండను మించిన మందు లేదని మా నాయన అనేవాడు. మరో ఆలోచన లేకుండా సంచులన్నీ ఆఫీసు మిద్దె ఎక్కించాను, తర్వాత వచ్చిన సరుక్కీ అదే చెప్పాను. ఎర్ర నాచు నుంచి జెల్లీ సరుకు తీసేవాళ్లు, ఎరుపు పోవాలనే దాన్ని ఎండలో వేస్తారని పుస్తకంలో చదివిన మనిషిని నేను. తప్పు నాది, వేటు వాళ్ల మీద. తల కొట్టేసినట్టయింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. సూపర్‌వైజర్‌కు చెప్పామని, పెద్దవాళ్లకు తెలియదా, మీ పని మీరు చూసుకోండి అన్నాడని చెప్పింది.

అయినా మాట మీద రిపోర్టు మారదు, అంకె కావాలి. విప్పని సంచి ఒకటి తెచ్చి సగం మిద్దె మీద, సగం షెడ్డులో కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఫ్యాన్ల కింద పోయించాను. రెండు రోజుల తర్వాత రెండు సగాలూ మరియమ్మే కడిగింది, నేను గడియారం పట్టుకుని పక్కన నిలబడ్డాను. శనివారం పొద్దున రీడింగు తీశాను. ఎండ సగం 0.31. నీడ సగం 0.92. గాజు గొట్టంలో చీరల దుకాణం వాళ్లు రాణి కలరు అంటారే, అచ్చం ఆ రంగు. నా సర్వీసంతటిలో ఏ అంకె చూసీ అంత సంబరపడలేదు. ఆరుగురినీ ల్యాబ్‌లోకి పిలిచి చూపించాను. మరియమ్మ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “ఇది గదా మేం సంచిలో చూసినాది” అంది.

అక్కణ్నుంచి నేరుగా ఎండీ గారి గదికి వెళ్లి పాత నోట్ వెనక్కి తీసుకున్నాను. కొత్త నోట్‌లో, తప్పుడు ఆదేశం ఇచ్చింది క్వాలిటీ కంట్రోల్ మేనేజర్ అని రాశాను. మీ పేరెందుకు, వాతావరణం అని రాయండి అన్నారాయన. మిద్దె మీద పోయమని వాతావరణం చెప్పలేదు, నేను చెప్పాను అన్నాను. ఆయన పెన్ను తీసి తన ఉత్తర్వు కొట్టేశారు. సోమవారం ఆరుగురూ పనిలోకి వచ్చారు. నీడన ఆరిన సరుకుతో చేసిన మూడో శాంపిల్ నెగ్గింది, ఆర్డరు నిలిచింది. ఆరబెట్టే పద్ధతిని రాసి గోడకు అంటించిన కాగితంలో, ‘తయారు చేసినవారు’ అన్నచోట మరియమ్మ సంతకం ఉంది. ఆఫీసర్లు కానివాళ్ల పేరు అక్కడ పడటం ఆ కంపెనీలో అదే మొదలు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ లోపానికి కారణం రాయాల్సి వచ్చినా ముందు ఆ సరుకు పట్టుకున్న చేతులను అడిగాను. అనుమానించాల్సిన వాళ్ల జాబితాలో మొదటి వరుసలో నా పేరే రాసుకుని, అక్కణ్నుంచి వెతకడం మొదలుపెట్టాను.