రైలొచ్చినప్పుడు అరిచే చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయిందన్న కబురు నాకు ఆవిడ ఫోను నుంచే వచ్చింది. తెర మీద ఆవిడ పేరు చూసి, "ఏటి చిన్నమ్మా, ఈయేలప్పుడు చేసినావు?" అన్నాను. అవతల ఎవరో బర్మా అమ్మాయి ఏడుస్తోంది. ఇన్సేన్ దారిలో బస్టాపు దగ్గర బాంబు పేలిందనీ, చిన్నమ్మ తన బస్సు దిగి వచ్చి ఈ అమ్మాయి కాలికి గుడ్డ బిగించి కడుతుండగా రెండోది పేలిందనీ చెప్పింది. "సయామా నా మీద పడిపోయారు. మళ్లీ లేవలేదు" అంది. మా రంగూన్‌లో పంతులమ్మనీ నర్సునీ కూడా సయామా అనే పిలుస్తారు. ఆ అమ్మాయి బతికింది. ఆమెకు తగలాల్సిన ఇనుప ముక్కలు చిన్నమ్మ వీపులో దిగాయి.

బాంబు పెట్టింది ఎవరన్న దాని మీద ఎవరి మాట వారిది. దాని గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. నన్ను మనిషిగా నిలబెట్టిన మనిషి గురించి మీకు చెప్పాలని కూర్చున్నాను.

చిన్నమ్మ అంటే మా అమ్మకు సొంత చెల్లెలు. మాది రంగూన్‌లో రేవు పక్కనున్న బోటాటౌంగ్ పేట. మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రేవులో బియ్యం బస్తాలు మోయడానికి వచ్చి, చర్చి చుట్టూ ఇళ్లు అద్దెకు తీసుకుని ఉండిపోయారు. చిన్నమ్మ పెళ్లి చేసుకోలేదు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసేది. సైన్యం రాజ్యాన్ని చేతుల్లోకి తీసుకున్నాక చాలామంది డాక్టర్లూ నర్సులూ నిరసనగా కొలువులు వదిలి బయటికి నడిచారు. వాళ్లలో చిన్నమ్మ ఒకతి. అప్పటినుంచి ఎక్కడ నర్సు కావాలంటే అక్కడికి పోయేది. కొన్ని వారాలు ఒక క్లినిక్కులో, కొన్ని వారాలు మరో ఊళ్లో. నేను నర్సింగు పూర్తి చేయగానే నన్నూ వెంట తిప్పుకుంది.

ఆవిడ మెత్తటి మనిషని ఎవరైనా అంటే నమ్మకండి. తాగొచ్చి కత్తి ఎత్తినవాడి మొహం మీదకు స్టీలు ట్రే విసిరి ముక్కు పగలగొట్టింది. తర్వాత ఆ ముక్కుకు తనే కట్టు కట్టింది, కడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. కొత్త ఊరికి వెళితే ముందు చూసుకునేది మందుల బీరువా కాదు, మంచి టీ ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ కూర్చుంటే ఏటిగాలి తగులుతుందో! పడుకోవడానికి తన దుప్పటి తనే తెచ్చుకునేది. డ్యూటీ బట్టలతో మంచమెక్కితే ఊరుకునేది కాదు. వార్డులో మనిషి చచ్చిపోయిన రోజున మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి అన్నం తినిపించేది. గొంతు దిగడం లేదంటే, "దిగదు. నీళ్లు తాగి దింపు. మనం మనుషులమే గానీ గాజుగుడ్డ కాదే, కనబడ్డ రక్తమల్లా పీల్చుకోడానికి" అనేది.

ఒక ఉదయం ఇన్సేన్‌లో మేం క్లినిక్కుగా వాడుతున్న ఇంటికి జైలు నుంచి విడుదలైన ఒకాయన్ని మోసుకొచ్చారు. వీపు మీద చర్మం లేదు. చొక్కా ఎక్కడ ముగిసిందో ఒళ్లు ఎక్కడ మొదలైందో తెలియలేదు. చిన్నమ్మ ఉప్పునీళ్లతో తడిపి తడిపి ఆ గుడ్డను దారం దారంగా ఊడదీసింది. ఆయన అరుస్తున్నంతసేపూ, "అయిపోయింది అన్నా, అయిపోయింది" అని బర్మా భాషలో నెమ్మదిగా చెబుతూనే ఉంది. ఆయన నిద్రపోయాక చేతులు కడుక్కుని, నన్ను రమ్మని రైలు గేటు దాకా నడిచింది. రైలొచ్చింది. చిన్నమ్మ గేటు ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుని అరిచింది. మాటలు కావు, ముందు ఉత్త కేక. తర్వాత తెలుగులో నేనెన్నడూ విననన్ని బూతులు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఉమ్మి గడ్డం మీద కారింది. చివరి పెట్టె దాటిపోగానే మొహం తుడుచుకుని, పక్కన మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, అమ్మే ఆవిడకు రెండు గిన్నెలు చెప్పింది.

నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. "ఏటలా సూస్తావు?" అంది. "రోగి ముందర అరవకూడదు. ఇంట్లో అరవకూడదు. మరెక్కడ అరవాలే? రైలొచ్చినప్పుడైతే ఎవుడికీ ఇనబడదు. తిను, సల్లారిపోతాది."

నేనూ అరవాల్సిన రోజు వచ్చింది గానీ, నాకు గొంతు లేవలేదు.

ఆ రోజు చిన్నమ్మ వేరే ఊళ్లో ఉంది. తుపాకీ దెబ్బ తిన్న టాక్సీ డ్రైవరు ఒకాయనకు నేను సెలైను పెడుతున్నాను. తలుపు తన్నుకుని సాయుధులు లోపలికొచ్చారు. ఆయన్ని మంచం మీంచి ఈడ్చారు. సెలైను స్టాండు పడిపోయింది, సూది చర్మాన్ని చీల్చుకుని ఊడింది, రక్తం నా కళ్లలో పడింది. ఆయన రెండో చెయ్యి నా చేతిలో ఉంది. నేను వదలలేదు. తుపాకీ మడమ నా దవడకు తగిలింది, నోట్లో పళ్లు విరిగిన చప్పుడు చెవుల లోపల వినబడింది. వదిలేశాను. ఆయన్ని మెట్ల మీదుగా కాళ్లు పట్టి లాక్కుపోయారు. ప్రతి మెట్టుకీ ఆయన తల కొట్టుకున్న చప్పుడు నాతోనే ఉండిపోయింది.

దవడ మానింది. చేతులు మానలేదు. సూది పట్టుకుంటే వేళ్లు గాలిలో కొట్టుకునేవి. ఇంట్లో ఎవరైనా మెట్లెక్కితే నేను బల్ల కిందకు దూరేదాన్ని. అన్నం కంచం అమ్మ మీదకు విసిరిన రోజున చిన్నమ్మ వచ్చింది. వెనకాలే నేను పనిచేసే క్లినిక్ డాక్టరుగారు అమ్మకు ఫోను చేశారు, ఇంకెవరూ లేరు, అమ్మాయిని పంపమని. చిన్నమ్మ ఫోను లాక్కుంది. "పంపను. ఈ గుంట పూర్తిగా ఇరిగిపోతే మీకు ఎప్పటికీ నర్సు ఉండదు" అని పెట్టేసింది.

"దీన్ని ఈ పనిలోకి దింపింది నువ్వే కదేటి?" అని అమ్మ చెల్లెలి మీద విరుచుకుపడింది. "దాని నోరు సూడు. సాలు, మానిపించీ."

"మాననీ అక్కా. నానొద్దన్నానా? గానీ భయంతోటి మాననీకు. సెయ్యి బాగయ్యాక మాననీ."

అమ్మ తలుపు చూపించింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా సరైన మాటల్లేవు.

అయినా చిన్నమ్మ నన్ను తనతో ఏటవతల ట్వంటే అనే ఊరికి తీసుకుపోయింది. కాలువ పక్కన చిన్న క్లినిక్కు, చుట్టూ కుండలు చేసేవాళ్ల ఇళ్లు. నాకు డ్యూటీ లేదు. పొద్దున్నే నడవాలి, వేళకు తినాలి. ఫోనులో ఒక మనసు డాక్టరమ్మతో మాట్లాడాలి. "నాను నీ చిన్నమ్మని. నాకు సెప్పలేనివి ఆవిడకి సెప్పు" అంది. డాక్టరమ్మ మాత్రలు రాసింది. మింగడానికి సిగ్గుపడి దిండు కింద దాచాను. చిన్నమ్మ చూసింది. తిట్టలేదు. తన సంచిలోంచి తన మాత్రల అట్ట తీసి నా ముందు పెట్టింది. అవే మాత్రలు. "పెద్దాసుపత్రి వొదిలీసిన కాడి నుంచీ మింగుతున్నాను. బీపీకి మింగితే సిగ్గేస్తాదా?" అంది. నీళ్ల గ్లాసు నా చేతికిచ్చి, తనూ ఒకటి నోట్లో వేసుకుంది.

కొన్నాళ్లకు, ఓ మధ్యాహ్నం, రోగులెవరూ లేనప్పుడు కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "గుచ్చు."

నా వల్ల కాదన్నాను.

"కాకపోతే కాదు. గుచ్చు."

మొదటిసారి నరం తప్పింది. రెండోసారి నరం దాటి దిగింది, మోచేతి లోపల నల్లగా పొంగింది. "ఓలమ్మో! సంపీసినావే గుంటా!" అని నిజంగానే అరిచింది, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. రక్తం కుర్చీ మీంచి నేల మీదకు కారింది. నాకు మెట్ల మీద తల చప్పుడు వినిపించడం మొదలైంది. "వినబడుతోంది" అన్నాను. "ఇనబడనీ. దాన్నలా ఇనబడనిచ్చి నా సెయ్యి సూడు. ఇది నా సెయ్యి. ఆ డ్రైవరుది కాదు" అంది. నేను ఏడుస్తూనే మళ్లీ గుచ్చాను. సూది గొట్టంలోకి రక్తం ఎర్రగా, నిదానంగా ఎక్కింది. ఆవిడ శభాష్ అనలేదు. "దూది ఇయ్యి" అంది, అంతే.

నేను మానలేదు. ఇప్పుడూ ఊళ్లు తిరుగుతున్నాను. ఆ చప్పుడు పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వరసగా డ్యూటీలు వేస్తే మాత్రం కుదరదని చెప్పడం వచ్చింది. ఆ మాట చెప్పిన ప్రతిసారీ చిన్నమ్మ గొంతే నా నోట్లోంచి వస్తుంది.

చిన్నమ్మను ఆసుపత్రి వాళ్లు పోస్టుమార్టం చేసి, కుట్లు వేసి ఇచ్చారు. నేనే కడిగాను. వీపు కడుగుతున్నప్పుడు నా చేతులు వణకలేదు. ఆ సంగతి ఆవిడకు చెప్పాలనిపించింది, చెప్పాను.

వానలో చిన్న లారీ మీద శవపేటికతో స్మశానానికి బయలుదేరాం. దారిలో సైనికులు ఆపారు. పేటికల్లో తుపాకులు దాచి తీసుకుపోతున్నారట, మూత తీయాలన్నారు. పాస్టరుగారు బతిమాలారు. వినలేదు. మూత తీశారు. ఒక సైనికుడు లారీ ఎక్కి, తుపాకీ గొట్టంతో చిన్నమ్మ మీది తెల్లగుడ్డను మొహం దగ్గర నుంచి కిందకు తోయడం మొదలుపెట్టాడు. వాన సూటిగా ఆవిడ మొహం మీద పడింది.

అంతవరకూ పేటిక పక్కన కూర్చున్న అమ్మ లేచింది. గొడుగు విప్పి చెల్లెలి మొహానికి అడ్డంగా పట్టింది. సైనికుడు పక్కకు జరగమన్నాడు. అమ్మ జరగలేదు. "సూసుకో బాబూ, ఎంతసేపు కావాలంటే అంతసేపు సూసుకో" అంది తెలుగులోనే. వాడికి అర్థమయ్యే భాష కాదు. గొట్టం చిన్నమ్మ గుండెల మీద ఆగిపోయింది. అమ్మ వాడి వైపు చూడలేదు. జుట్టూ జాకెట్టూ నడుముకు చుట్టిన లోంజీ తడిసి ఒంటికి అతుక్కుపోతున్నా, గొడుగు కొంచెం కూడా తన వైపు వంచుకోకుండా, చెల్లెలి నుదుటి మీద పడిన చినుకుల్ని రెండో చేత్తో తుడుస్తూ నిలబడింది.