చచ్చిన చెవిలో పిలుపు

మా ఊళ్లో ఎవరైనా దయ్యం మాటెత్తితే ముందుగా నవ్వేది నేనే. మిషన్ బడిలో నాలుగు ముక్కలు చదువుకున్నవాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది నాకే జరగకపోయి ఉంటే, చెప్పినవాణ్ణి తాగి వచ్చావా అని అడిగేవాణ్ణి.

అవి తెల్లదొరల పాలన చివరి రోజులు. మా మార్కాపురం తాలూకా అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. పుల్లలచెరువు దాటాక అడవి అంచున మా ఊరు. గొర్రెలు, మేకలు, వాన పడితే జొన్న, అదీ బతుకు. నాకు ఎడమ చెవిలో మోత మొదలై, వినికిడి తగ్గి, నడిస్తే తూలిపోయే దాకా వచ్చింది. మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మద్రాసుకు పంపింది. అక్కడ చెవి వెనక ఎముక తెరిచి, లోపలి నరం మీద పెరిగిన గడ్డను తీశారు. బతికాను. గడ్డతోపాటు వినికిడి నరం కూడా పోయిందని, ఆ చెవి ఇక ఎప్పటికీ వినపడదని డాక్టరు చెప్పాడు.

ముఖం ఎడమ పక్క వాలిపోయింది. పెదవులు సరిగా కలవక మాటలోంచి గాలి పోయేది. నా భార్య సుబ్బమ్మ పేరు కూడా నా నోట నలిగి నలిగి వచ్చేది. చీకటి పడితే కాళ్లు తడబడేవి. వీటన్నిటికన్నా కష్టం ఇంకొకటి ఉంది. ఒక్క చెవితో వినేవాడికి చప్పుడు వినపడుతుంది గానీ, ఎటునుంచి వస్తుందో తెలియదు. మేక మెడలో గంట మోగితే నేను చుట్టూ తిరిగి వెతుక్కోవాలి. మందను కాసేవాడికి అంతకన్నా సిగ్గుచేటు లేదు. మా అన్న నన్ను అడవిలోకి పంపడం మానేశాడు. నా బదులు సుబ్బమ్మ పోయేది.

ఒకనాడు తప్పిపోయిన మేక కోసం మధ్యాహ్నం పోయిన సుబ్బమ్మ, పొద్దు వాలుతున్నా రాలేదు. మేక మాత్రం ఇంటికొచ్చింది. కొండ పక్కన చిరుత తిరుగుతోందని అప్పటికే చెప్పుకుంటున్నారు. అన్నా నేనూ బయల్దేరాం.

"నువ్వు ఈ బాట ఇడిచి పోవాకు. నేను వంక ఎంబడి చూసొస్తా," అని అన్న వాగు వైపు చెట్లలోకి వెళ్లాడు.

అడవిలో మనిషిని వెతికేటప్పుడు మావాళ్లు పేరు వరసగా మూడు మార్లు పిలుస్తారు. ఒక్క మారే పిలిచి ఆగిపోయే గొంతుకు పలకకూడదు. అది మనిషిది కాదంటారు. దీన్ని కూడా నేను ఎగతాళి చేసినవాణ్ణే.

దూరంగా అన్న మూడేసి మార్లు పిలవడం వినపడుతోంది. ఏ దిక్కునుంచో అంతుపట్టలేదు. నేనూ పిలుద్దామనుకున్నాను గానీ ఈ వంకర నోటితో కేక దూరం పోదని మానుకున్నాను.

అప్పుడు "బావా" అని వినపడింది. సుబ్బమ్మ గొంతే. ఒక్క మారే పిలిచి ఆగింది.

ఆనందంతో ఎడమకు తిరిగి నాలుగడుగులు వేశాక తట్టింది. అది ఎడమ నుంచి వచ్చిందని నాకెలా తెలిసింది? ఆపరేషన్ అయినప్పటినుంచి నాకు ఎడమ లేదు, కుడి లేదు. నిలబడి, వినపడే కుడి చెవిలో వేలు గట్టిగా దూర్చుకున్నాను. అన్న కేక ఆగిపోయింది. కీచురాళ్లు ఆగిపోయాయి. అడవంతా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మళ్లీ "బావా" అని చచ్చిన చెవిలో వినపడింది.

పారిపోవాలనిపించింది. నిజం చెబుతున్నాను, రెండడుగులు వెనక్కి కూడా వేశాను. కానీ నిజంగానే ఆమె అయితే? ఆ ఆలోచన ఆ గొంతు కన్నా ఎక్కువ భయపెట్టింది. చెవిలో వేలు తీయకుండా, చెట్లు పట్టుకుంటూ, తూలుకుంటూ ఆ పిలుపు వెంట పోయాను. పిలిచినప్పుడల్లా ఒక్క మారే. ఒక పెద్ద గుంత అంచుకు చేరగానే అది ఆగిపోయింది.

అడుగున సుబ్బమ్మ ఉంది. కాలు మడతపడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది. వేలు తీసి, వంకర నోటితో ఆమె పేరు పిలిచాను. కళ్లు తెరిచి నన్ను చూసి బావురుమంది.

అన్న కూడా వచ్చి ఆమెను పైకి తీశాక, "నీ పిలుపు వినే వచ్చినా," అన్నాను.

"నేను పిలవలా బావా. నోరే తెరవలా," అంది. "పొద్దు వాలినప్పటినుంచి పైన ఎవరో నన్ను పిలస్తానే ఉండారు. ఒక్కొక్క మారే. నీ గొంతే. పలుకుదామని నోటిదాకా వచ్చినాది. కానీ నా పేరు ఎంత తేటగా పిలిచినాడో. నువ్వు ఇప్పుడు అట్ల పిలవలేవు గదా."

ఇల్లు చేరేదాకా ముగ్గురం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు.

తర్వాత మద్రాసు పోయినప్పుడు డాక్టరుకు చెప్పాను. నరం పోయిన చెవిలో మెదడే ఏవో చప్పుళ్లు పుట్టిస్తుందట. సరే, నాది మోతే అనుకుందాం. మరి ఆమె రెండు చెవులూ మంచివే కదా. ఆమెను వెతికి ఇచ్చిందీ, ఆమెను పిలిచిందీ ఒకటేనా, వేరువేరా? ఆ రోజు ఆమె పలికి ఉంటే ఏమయ్యేది? ఈనాటికీ నాకు తెలియదు.

మరుసటేడు నా పెదవి కాస్త కుదురుకుంది. ఒక పొద్దున సుబ్బమ్మ నావైపు వీపు పెట్టి కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నాకు తెలియకుండానే ఆమె పేరు పూర్వంలా తేటగా పలికాను. చేట ఆగిపోయింది. ఆమె తిరగలేదు, పలకలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం వెనకనుంచే కనపడింది.

పెదవి వదులు చేసి, మాటలోంచి గాలి పోనిచ్చి మళ్లీ పిలిచాను. అప్పుడు తిరిగి చూసింది. ఇప్పుడు నా నోరు చాలావరకు బాగుంది. ఆమెను మాత్రం అలాగే పిలుస్తున్నాను.