మా కోడలు హోల్డాన్ అంటే ఆగాల్సిందే

మా కోడలు యమున కండక్టరుగా మొట్టమొదట సాధించిన విజయం, ఆడవాళ్ల సీట్లో కూర్చున్న ఒక మీసాలాయనను లేపడం. ఇబ్రహీంపట్నంలో మొదలుపెడితే తుర్కయంజాల్ దాకా పట్టింది. చివరికి "హోల్డాన్!" అని బస్సు ఆపించి, "నువ్వు లేసినంకనే రైట్ చెప్త" అని రాడ్డు పట్టుకొని నిలబడింది. బస్సంతా తిట్టాక ఆయన లేచాడు. ఆ మీసాలాయన మరెవరో కాదు, నా భార్య నీలమ్మకు సొంత తమ్ముడు, మా ఎదురింటి ఇస్తారి. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

నేను మల్లేశయ్యను, మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. అయినా మన కాలనీ సంచికలో మా కోడలి గురించి నేనే రాస్తానని పట్టుబట్టాను. డిపోలో ఆమె రెండుసార్లు షీల్డు అందుకుంది. ఒక ముసలమ్మ బస్సులో మరిచిపోయిన పుస్తెలతాడును ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చి వచ్చింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు లేకపోయినా, ఒక్క మనిషి లెక్క కూడా తప్పలేదు. అలాంటి మనిషి కుడిచేయి కాలిపోయి దవాఖానలో ఉంది. టికెట్ మిషన్ నొక్కే చేయి అది. వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయా లేదా అన్నదే ఇన్నాళ్లూ మా అందరి బెంగ.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నీలమ్మ పూరీలు వేస్తూ ఫోన్ మాటల్లో పడింది. మూకుట్లో నూనె అంటుకుంది. కంగారులో చెంబుడు నీళ్లు కుమ్మరించింది. మంట భగ్గున లేచి అటక మీది అట్టపెట్టెలను అందుకుంది. నేను వెనక సందులోకి ఉరికి సిలిండర్ కట్టేశాను. యమున మా మనవరాలు శ్రీనిధిని ఎత్తుకొని వాకిట్లోకి వచ్చింది. చివరగా వచ్చిన నీలమ్మ తలుపు దగ్గరికి వేసి తాళం పెట్టింది. గడప దాటితే తాళం వేయడం ఆమెకు కాపురానికి వచ్చిననాటి అలవాటు.

"అత్తమ్మా, గిప్పుడు తాళమెందుకు?" అని యమున అరిచింది.

"గల్లీ అంత జమైతున్నది. బంగారమున్న ఇల్లు బార్ల దెర్సి పెట్టుమంటవా?"

ఇస్తారి బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. "మంచిగ జేసినవక్కా! మంట సుత బయటికి రాదు పో!"

అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. యమున "హోల్డాన్!" అంది. గల్లీ మొత్తం నోరు మూసింది. బస్సులో లెక్కపెట్టినట్టే మమ్మల్ని వేలితో లెక్కపెట్టింది.

"ఒకరు తక్కువున్నరు. ఆయనేడున్నడు?"

మా కొడుకు రాజశేఖర్ లోపల స్నానం చేస్తున్నాడు. నల్లా తిప్పి ఫోన్‌లో పాటలు పెట్టుకున్నాడంటే పిడుగు పడ్డా వాడికి వినపడదు. నీలమ్మకు నడుముకున్న గుత్తిలో తాళంచెవి దొరకడం లేదు. "గిదేనా... గిది గాదు... కొడుకా!" అంటూ ఒక్కొక్కటీ తాళంలో దూర్చి చూస్తోంది. యమున గుత్తి గుంజుకొని, తాళం తీసి, పొగలోకి దూరింది. నేను వెనకే పోబోతే ఇస్తారి నన్ను వాటేసి పట్టుకున్నాడు.

స్నానాలగది వంటింటి పక్కనే. మంట ఎగదన్నుతున్న వంటింటి తలుపు మూస్తే గాని అటు దారి లేదు. ఆ తలుపు ఇనుప గడియ కాలిపోతున్నా కుడిచేత్తో పట్టి లాగి మూసింది. మొగుణ్ని రెక్క పట్టి ఈడ్చుకొచ్చింది. వాడు తువ్వాల చుట్టుకొని, ఒళ్లంతా సబ్బు నురగతో దగ్గుతూ, "జర సబ్బన్న కడుక్కోనియ్యవా?" అన్నాడు. అప్పుడు ఆమె అరచేయి చూశాడు.

ఫైరింజన్ వచ్చి, మంట వంటిల్లు దాటకుండా ఆర్పింది.

దవాఖానలో నీలమ్మే కోడలికి తినిపిస్తోంది. మొదటిరోజు ముద్ద కలిపింది గానీ నోటిదాకా తేలేక ఏడ్చేసింది.

"నా కొడుకును నేనే లోపలేసి తాళం బెట్టిన గదనే!"

"నువ్వు బెట్టినవ్, నేను దీసిన, అయిపాయె. ముద్ద జర చిన్నగ జెయ్యి అత్తమ్మా, ఓవర్‌లోడ్ అయితున్నది."

మొన్న కట్టు విప్పి, వేళ్లు ముడవమన్నాడు డాక్టర్. పళ్లు బిగబట్టి ముడిచింది. బొటనవేలు కదిలింది. నమ్మకం కుదరక, వార్డు టీవీ రిమోట్ తెప్పించుకొని అదే వేలితో నొక్కింది. ఛానెల్ మారిపోయింది. "నా సీరియల్!" అని పక్క మంచం ఆమె తిట్లందుకుంది. మాకు అంత చక్కటి తిట్లు ఎప్పుడూ వినపడలేదు.

ఇప్పుడు ఇస్తారి గల్లీలో అందరికీ చెప్పుకుంటున్నాడు: "ఆమె డ్యూటీ ఎక్కిన్నాడు మొదటి బస్సు నాదే. ఎల్బీనగర్ దాకా నిలబడే పోత. సీట్లన్ని ఖాళీగున్నా కూసోను."

డాక్టర్ చెప్పిన లెక్కన, ఆయన నిలబడాల్సిన రోజు మార్చి రెండు, సోమవారం.